సాంగ్ ఆఫ్ ఇండియా గారికి, బోరు నీళ్లవారు వ్రాయునది

గౌరవనీయులైన సాంగ్ ఆఫ్ ఇండియా మొక్క గారి సమక్షమునకు, నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపున్న మా ఇంటి వరండా నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమందరమూ క్షేమం. మీ క్షేమ సమాచారం మీరు వేరే రాయనక్కరలేదు. మీ ఆకుల కొనలు రోజూ చెబుతూనే ఉన్నాయి.

మృగశిర కార్తె వచ్చినా ఎండ తగ్గని మొన్నటి ఆదివారం, భోజనం చేసి నడుం వాల్చవలసిన వేళ, మిమ్మల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆటోలో హైదరాబాద్ రోడ్డు మీది నర్సరీకి తీసుకువెళ్లాను. ఆటో డ్రైవరు అద్దంలో మిమ్మల్ని చూసి "దవాఖానకా మేడం?" అని అడిగాడు. అతను వేళాకోళం చేశాడో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ నాకు తెలియదు. నర్సరీ యజమాని అన్నానికి పోయాడన్నారు. ఆకుపచ్చ షేడ్ నెట్ కింద, బోర్లించిన సిమెంటు కుండీ మీద రెండున్నర గంటలు కూర్చున్నాను. ఆయన వచ్చి మీ ముఖం వైపు చూడనైనా చూడలేదు. కుండీ అంచుకు పట్టిన తెల్లటి పొరను బొటనవేలి గోటితో గీకి, ఆ పొడిని నా కళ్ల ముందు పెట్టి, "మొక్కది తప్పేం లేదు మేడం, మీ నీళ్లే మంచివి కావు" అన్నాడు. ఆ తరువాత ఫోను మాట్లాడుకుంటూ గులాబీల వైపు వెళ్లిపోయాడు.

ఉగాది ముందు 350 రూపాయలు తీసుకుని మిమ్మల్ని నా చేతిలో పెట్టిన రోజు ఇదే మనిషి, ఇదే నోటితో, "ఏ నీళ్లయినా పోయండి మేడం, ఇది చావమన్నా చావదు" అన్నాడు. ఆ మాటను నమ్మి, పక్కన నవ్వుతూ నిలబడిన నందివర్ధనాన్ని, అరవై రూపాయల గన్నేరును కాదని, పసుపు అంచు పచ్చటి ఆకులతో పట్టుచీర కట్టినట్టున్న మిమ్మల్ని ఎంచుకున్నాను. పేరు కూడా నన్ను మోసం చేసింది. భారత గీతం అన్నారు కదా, మన పిల్లే అనుకున్నాను. తరువాత విచారిస్తే మీ పుట్టిల్లు మడగాస్కర్, మారిషస్, మొజాంబిక్ ప్రాంతాలని, మా దేశంతో మీకున్న చుట్టరికమల్లా ఆ ప్రాంతాలను ఆనుకుని ఉన్న సముద్రానికి హిందూ మహాసముద్రమన్న పేరుండటమేనని తెలిసింది. మీకు సాంగ్ ఆఫ్ జమైకా అని ఒక చెల్లెలు కూడా ఉన్నదట. ఆమె జమైకాలో పుట్టలేదు. మీ ఇంట్లో ఇది ఆచారం కాబోలు.

పరాయి దేశం నుంచి రావడం నేరమని నేను అనను. మా మిరపకాయ, మా బొప్పాయి, ప్రతి ప్రహరీ గోడ మీదా పాకే కాగితం పూల తీగ, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అవి వచ్చాయి, మా ఎండ చూశాయి, మా నీళ్లు తాగాయి, నోరు మూసుకుని కాపు కాశాయి.

మీతో పాటు ఆ రోజు నాకు అంటగట్టిన తక్కిన మాటల మీద నాకు పెద్ద కోపం లేదు. అదృష్టం తెస్తుందని ఇచ్చిన లక్కీ బాంబూ అసలు వెదురే కాదని, అది మీ డ్రెసీనా వంశంలోదేనని తెలిసి, పోనీలే, చుట్టాలు ఒక చోట ఉంటారు అనుకున్నాను. నాసా వాళ్లే చెప్పారు, గాలి శుభ్రమవుతుందన్న మాటను మాత్రం కొంచెం తరిచి చూశాను. 1989 నాటి ఆ పరీక్ష గాలి చొరకుండా మూసిన చిన్న పెట్టెల్లో జరిగిందట. అటువంటి పరీక్షలను 2019లో మళ్లీ లెక్క కట్టినవారు, మామూలు ఇంటి గాలిలో తేడా కనిపించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు ఉండాలన్నారు. మా హాలు పన్నెండడుగులకు పద్నాలుగు. అంటే తక్కువలో తక్కువ 156 మొక్కలు పెట్టుకుని, మేము వరండాలో పడుకోవాలి. సరే, అది కూడా క్షమించాను.

నేను క్షమించలేనిది మీ ఆకు కొన.

మొదటి నెలలో ఒక ఆకు కొసన ఆవగింజంత గోధుమరంగు కనిపించింది. నీళ్లు తక్కువయ్యాయేమోనని పోశాము. అది గోరంత అయింది. ఎక్కువయ్యాయేమోనని మానేశాము. ఎండ ఎక్కువైందని కిటికీ దగ్గరి నుంచి హాలులోకి, గాలిలో తేమ చాలదని హాలు నుంచి స్నానాల గదిలోకి మార్చాము. అక్కడ వారం రోజులు మీ ఎదుట స్నానం చేయడానికి మా ఇంటాయన సిగ్గుపడ్డారు. నీళ్లను రాత్రంతా బకెట్టులో నిలవ ఉంచి తెల్లవారి పోయమని ఎవరో చెప్పారు, అలాగే చేశాము. క్లోరిన్ అయితే అలా ఎగిరిపోతుంది కానీ, మా నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ మరిగించినా పోయేది కాదు, పైగా నీళ్లు ఇగిరే కొద్దీ చిక్కబడేది అని అప్పుడు తట్టలేదు. కొత్త చిగుళ్లు వస్తాయని మా మరిది ఊరి నుంచి గుప్పెడు సూపర్ ఫాస్ఫేట్ ఎరువు తెచ్చి కుండీలో వేశాడు. ఆ ఎరువులోనే మళ్లీ ఫ్లోరైడ్ ఉంటుందని, మీ జాతికి దాన్ని వేయకూడదని తెలిసేసరికి నాలుగు కొనలు కాస్తా పద్నాలుగు అయ్యాయి. చివరకు నేను కుట్టుపని కత్తెర తీసుకుని, మాడిన మేరకు కత్తిరించి, అసలు ఆకు కొనలాగే సూదిగా దిద్దాను. పది రోజులకు ఆ కత్తిరించిన అంచు వెంబడే, కాటుక దిద్దినట్టు సన్నటి గోధుమ గీత మళ్లీ వచ్చింది. ఆ గీతను చూసిన ఉదయం నేను మీతో అన్న మాట ఇక్కడ రాయను.

కారణం ఇప్పుడు తెలిసింది. మా నేల అడుగున ఉన్న గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కరుగుతుంది. ఆ నీళ్లను మీరు వేళ్లతో పీల్చి ఆకుల దాకా ఎక్కించుకుంటారు. నీరు ఆకు నుంచి ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ పోదు. దారి ముగిసిన చోట, అంటే ఆకు కొసన, పేరుకుని పేరుకుని అక్కడి కణాలను చంపుతుంది. మనుషులు తాగే నీటిలో, వేరే దిక్కు లేనప్పుడు, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చునని మన దేశపు ప్రమాణం. మీ వంశానికి ఒక్క మిల్లీగ్రాము కూడా ఎక్కువేనట.

అమ్మా, సాంగ్ ఆఫ్ ఇండియా, నువ్వు ఎక్కడికి వచ్చావో నీకు తెలుసా? ఇక మీరు, గారు అనడం నా వల్ల కాదు. కొన్ని ఊళ్ల పేరుతో చీరలుంటాయి, కొన్ని ఊళ్ల పేరుతో మిఠాయిలుంటాయి. మా ఊరి పేరుతో నీళ్లలోని విషం తీసే పద్ధతి ఉన్నది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్ తగ్గించే ఉపాయం కనిపెట్టి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ప్రపంచమంతా పుస్తకాల్లో చదువుకునే ఆ పేరు మోసిన ఊరికి వచ్చి, మూడు నెలలైనా నిండకుండానే, ఈ నీళ్లు నాకు పడవని కొన మాడ్చుకుని కూర్చున్నావు.

ఈ జిల్లాలోనే మర్రిగూడ మండలంలోని మా సొంతూళ్లో మా మేనత్త పుట్టింది, పెరిగింది, అక్కడే మెట్టింది. ఆమె పళ్లు చిన్నతనంలోనే నీ ఆకు కొనల రంగుకు తిరిగాయి. నవ్వేటప్పుడు చీర కొంగు అడ్డం పెట్టుకునేది. నలభై ఐదేళ్లకు మెడ తిరగడం మానేసింది, ఆపైన నడుము నిలబడటం మానేసింది. నేలను చూస్తూ నడిచేది. "కిందబడ్డ పైసలన్నీ నాకే దొరుకుతయి బిడ్డా" అని తనమీద తానే పరాచికాలాడేది. చేతిపంపు దగ్గర బిందె నింపుకుని, వంగిన నడుము మీద ఆ బిందె నిలవక, రెండు చెంబులతో మోసుకునేది. ఆమెను ఎవరూ కిటికీ దగ్గరి నుంచి హాలులోకి మార్చలేదు. ఆమె కోసం ఎవరూ నీళ్లు రాత్రంతా నిలవ ఉంచలేదు. ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకువెళ్లి, "ఈమెది తప్పేం లేదు, నీళ్లే మంచివి కావు" అని ఒకరి చేత చెప్పించడానికి మాకు ఎన్నేళ్లు పట్టిందో తెలుసా? కృష్ణా నీళ్లు వాళ్ల వాకిట్లోకి వచ్చేసరికి ఆమె లేదు. నీకు పద్నాలుగు కొనలు మాడితే ఇల్లంతా గాభరా. నీ పాపం ఏమీ లేదని నాకు తెలుసు. అయినా కోపం వస్తోంది, ఏం చేయను?

నర్సరీ నుంచి తిరిగి వచ్చేసరికి మా ఆడబిడ్డ ఒక ప్లాస్టిక్ మాన్‌స్టెరా మొక్కను కొని తెచ్చి నీ స్థానంలో నిలబెట్టింది. దానికి ఏ నీళ్లూ అక్కరలేదు, ఎండ అక్కరలేదు. ఆకు మీద తెల్లవారుజామున మంచు పడినట్టు ఒక జిగురు బొట్టు అంటించి ఉన్నది. ఆ బొట్టు నాలుగు రోజులుగా జారలేదు. మంగళవారం ఎదురింటావిడ వచ్చి, దాన్ని మెచ్చుకుని, "నీళ్లు ఎన్నిరోజులకోసారి పోస్తారు?" అని అడిగింది. మేము అసలు నీళ్లే పోయము అని చెప్పాను. "అయితే మరీ మంచిది" అన్నది. ఆవిడ వెళ్లాక దాని ఆకు కొనలు ఒక్కొక్కటే పట్టుకుని చూశాను. ఒక్కటీ మాడలేదు. ఎందుకో నాకు దాని మీద జాలి కూడా కలగలేదు.

ఇంతకీ రాయవలసిన విషయం. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అవి మాకు తాగడానికే సరిపోతాయి. అందుకని పడకగది ఏసీ పైపు కింద ఒక బకెట్టు పెట్టాను. గాలిలోని తేమ చల్లబడి కారే ఆ నీటిలో ఏ రాయీ కరగలేదు, ఏ ఫ్లోరైడూ లేదు. పాత మట్టి దులిపి, కుండీ మార్చాను. మాడిన కొనలు మళ్లీ పచ్చబడవట, అవి అలాగే ఉంటాయి, వాటిని ఇక కత్తిరించను. నిన్న నీ నడినెత్తిన రెండు కొత్త ఆకులు విచ్చుకున్నాయి. పసుపు అంచు కొస దాకా నిండుగా ఉన్నది. గోటితో తాకి చూశాను, మెత్తగా ఉన్నది.

రాత్రంతా ఏసీ నడిస్తే ముప్పావు బకెట్టు వస్తోంది, కరెంటు బిల్లు సంగతి మా ఇంటాయనతో నేను మాట్లాడుకుంటాను. పైపు చప్పుడు ఆగింది, బకెట్టు తీయాలి. ఉంటాను మరి.

ఇట్లు,
మీ బోరు నీళ్లావిడ