మంచం కింది బరువు యంత్రానికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ బరువు యంత్రం గారికి,

ఉభయకుశలోపరి. పాండవుల అజ్ఞాతవాసం ఏడాదితో ముగిసింది గానీ, మంచం కింద పాత సూట్‌కేసు చాటున తమరి అజ్ఞాతవాసం పద్నాలుగో నెలలో పడింది. మొన్న చీపురు తగిలి, తమరు ఒక్కసారి వెలిగి ఆరిపోయినప్పుడు, మన మధ్య తేలని లెక్కలు కొన్ని గుర్తుకు వచ్చాయి.

మన పరిచయం 2018 నాటిది. అన్నం మానేసి, రోజుకు మూడు నిమ్మకాయలు పిండుకొని, కొబ్బరినూనెను తీర్థంలా పుచ్చుకొన్న మొదటి వారంలోనే తమరు నాలుగు కిలోల తగ్గుదల చూపించారు. బంధువులందరికీ ఫోన్ చేసి మరీ చెప్పుకొన్నాను. పిండిపదార్థం మానేస్తే కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉన్న గ్లైకోజన్ అనే చక్కెర పదార్థం కరుగుతుందనీ, దాని ఒక్కో గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు పోతుందనీ, అంటే నాకు దక్కిన కీర్తిలో సింహభాగం నీళ్లేననీ తమరు మాటమాత్రంగానైనా సెలవివ్వలేదు.

పొగడ్తలో చూపిన ఔదార్యమే నిందలోనూ చూపారు. మేనకోడలి పెళ్లిలో ఒక్క పూట పులిహోర, బూరెలు, ఆవకాయ తిన్నందుకు మర్నాడు ఉదయం కిలోన్నర పెరిగానని ప్రకటించారు. కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి ఖర్చయ్యేది పోగా ఇంకా సుమారు 7,700 కేలరీలు మిగలాలి. పెళ్లివారు ఎంత మర్యాదస్తులైనా అంత కొసరి వడ్డించలేదు. అందులో చాలావరకు ఉప్పు పట్టి ఉంచిన నీరు, ఇంకా అరగని భోజనం. నేను మాత్రం ఆ అంకెను నా శీలంపై తీర్పుగా శిరసావహించి, ఎలాగూ వ్రతం చెడింది కదా అని ఆ సాయంత్రమే మిరపకాయ బజ్జీల బండిని ఆశ్రయించాను.

నిరుటి సంగతి సరేసరి. మూడు నెలలు నడిచి ఆరు కిలోలు తగ్గాక, తమరు మూడు వారాలు ఒకే అంకె మీద భీష్మించుకు కూర్చున్నారు. ఒళ్లు తేలికైన కొద్దీ దాని ఖర్చూ తగ్గుతుందనీ, ఆకలి మాత్రం పెరుగుతుందనీ తెలియక, తమరిని దాచేస్తే బరువు కూడా దాగుతుందనుకొన్నాను. (ఈ సిద్ధాంతాన్ని మా టైలరు అంగీకరించలేదు.)

నిజానికి తమరు అబద్ధమాడిందీ లేదు. ఏ పూటకా పూట తూచి చెప్పారు, దాన్ని జాతకంలా చదువుకొన్నది నేను. అందుకే ఈసారి కొన్ని ఏర్పాట్లు మార్చాను. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా రక్తంలో చక్కెర, రక్తపోటు మెరుగుపడతాయని డాక్టరు గారు చెప్పారు కాబట్టి, 86 కిలోల నాకు లక్ష్యం 4.3 కిలోలే. నడుము కొలతకు టేపును నియమించాను. మగవారికి 90 సెంటీమీటర్లు హద్దు, ప్రస్తుతం నాది 102. తమరి దర్శనం ఆదివారం ఉదయం, కాఫీకి ముందు, ఒక్కసారే. పెళ్లి మర్నాడు మాత్రం తలుపులు మూసే ఉంటాయి.

బ్యాటరీ తెచ్చాను. సూట్‌కేసు జరిపాను.

ఇట్లు,
ఆదివారం తమరి నెత్తిన కాళ్లు పెట్టబోయే
విధేయుడు