టొరాయిడ్ వేశాం అంటే పనైపోయినట్టేనా?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, కోపం ఇంకా దిగలేదు. ఫోనో ప్రీఆంప్‌లో, అంటే రికార్డు ముల్లు నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే పెట్టెలో, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మార్చమని రిపేర్ షాపులో ఇచ్చాను. మూడు వారాలు తిప్పించుకుని, టొరాయిడ్, అంటే గారెలా గుండ్రటి కోర్ మీద తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్, వేసి ఇవాళ ఇచ్చారు. రికార్డు పెట్టి ముల్లు దించానో లేదో, పాట కంటే ముందే గుయ్‌మని హమ్. అడిగితే ఏమన్నారో తెలుసా? "టొరాయిడ్ వేశాం సార్, అదీ పెద్ద సైజు. ఇంకా హమ్ వస్తోందంటే మీ టర్న్‌టేబుల్లోనే ఏదో ఉంది."

టర్న్‌టేబుల్ ఊడదీసి పక్కన పెట్టాను. రెండు ఇన్‌పుట్లూ షార్ట్ చేసి విన్నాను. హమ్ ఇసుమంతైనా తగ్గలేదు. మరి టర్న్‌టేబుల్ మీదికి ఎలా నెడతారు?

టొరాయిడ్ అనే మాట వీళ్లకి తారకమంత్రం అయిపోయింది. గుండ్రటి కోర్‌లో గాలి సందు ఉండదు, అయస్కాంత క్షేత్రం బయటికి తక్కువగా లీకవుతుంది, ఒప్పుకుంటాను. తక్కువ అంటే అసలు లేదని కాదు కదా! వైర్లు బయటికొచ్చే వైపు లీకేజీ ఎక్కువగా ఉంటుంది. మూత తీసి చూస్తే సరిగ్గా ఆ వైపునే ఇన్‌పుట్ బోర్డుకి ఎదురుగా, రెండు వేళ్ల దూరంలో బిగించారు. ఆ బోర్డు మీదికి కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ 5 మిల్లీవోల్టులు. పైగా ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ వల్ల, అంటే రికార్డు చెక్కేటప్పుడు తగ్గించిన కింది స్వరాలను తిరిగి పెంచే సర్దుబాటు వల్ల, 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే కరెంటు లైన్ 50 హెర్ట్జ్ దాదాపు 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు, ఎక్కువగా పెరుగుతుంది. పవర్ ఆంప్‌లో ఎవరికీ వినపడని లీకేజీ ఇక్కడ గదంతా నిండుతుంది.

ప్లగ్ పీకడం, నడిమి బోల్టు వదులు చేయడం, ట్రాన్స్‌ఫార్మర్‌ని కాస్త తిప్పి బిగించడం, మళ్లీ ప్లగ్ పెట్టి వినడం. నాలుగోసారికి, పావు చుట్టు తిరిగేసరికి, హమ్ సగానికి పైగా పడిపోయింది. అరగంట పని, ఒక్క స్పానర్ చాలు. మూడు వారాల్లో వాళ్లకి ఆ అరగంట దొరకలేదు.

పాతది మామూలు ఈఐ కోర్, అంటే E, I ఆకారపు రేకులు పేర్చి చేసిన రకం. లీకేజీ టొరాయిడ్ కంటే ఎక్కువే. కానీ దాన్ని డిజైన్ చేసిన మనిషి బుర్ర పెట్టి చేశాడు. పెట్టెలో ఆ మూల ట్రాన్స్‌ఫార్మర్, ఈ మూల ఇన్‌పుట్, మధ్యలో ఉక్కు రేకు. దూరం రెట్టింపయితే ఆ క్షేత్రం దాదాపు ఎనిమిదో వంతుకి దిగిపోతుంది మరి. ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే చుట్ట) ఒక అరలో, సెకండరీ (బయటికి ఇచ్చే చుట్ట) ఇంకో అరలో చుట్టారు కాబట్టి వాటి మధ్య కెపాసిటెన్స్ కూడా తక్కువ, కరెంటు లైన్లో వచ్చే చెత్త ఇటు దూకదు. టొరాయిడ్‌లో ఒకదాని మీద ఒకటి చుడతారు, మధ్యలో స్క్రీన్, అంటే ఎర్త్‌కి కలిపిన లోహపు పొర, వేయించకపోతే ఆ చెత్తంతా నేరుగా దిగుతుంది. స్క్రీన్ ఉందా అని అడిగితే "అదేంటి సార్?" అన్నారు.

పెద్ద సైజు అని గొప్పగా చెప్పడం ఒకటి. ఇంత చిన్న ప్రీఆంప్‌కి కావాల్సింది బరువు కాదు, ఫ్లక్స్ డెన్సిటీ, అంటే కోర్‌లో అయస్కాంత క్షేత్రం సాంద్రత, తగ్గించి చుట్టిన కోర్. ఇంట్లో ఏ హెయిర్ డ్రయ్యరో సగం వేడి మీద, ఒకే డయోడ్‌తో నడిచే రకం, ఆన్ చేశామంటే లైన్లోకి కాస్త డీసీ వస్తుంది. ఆ కాస్తకే టొరాయిడ్ కోర్ సాచురేట్ అయి, అంటే ఇక అయస్కాంతత్వం పట్టలేని స్థితికి వచ్చి, స్పీకర్‌తో పని లేకుండా పెట్టెలోంచే బుర్రుమంటుంది. ఈఐ అయితే ఓర్చుకుంటుంది.

ఇదంతా భరించేవాణ్ణే. చివర్లో ఒక మాటన్నారు. "పోనీ ఎర్త్ తీసేసి చూడండి సార్, పోతుంది."

అక్కడే నాకు ఒళ్లు మండింది. ఏళ్ల క్రితం వేరే చోట ఆంప్ బాగుచేయించాను. హమ్ పోయిందని సంబరపడ్డాను కూడా. ఏడాది తర్వాత ఎందుకో ప్లగ్ విప్పితే ఎర్త్ వైరు కత్తిరించి, కొసకి టేప్ చుట్టి ఉంది! ఆ ఏడాదంతా మా అబ్బాయి ఆ ఇనప పెట్టె మీద చెయ్యి ఆనించి వాల్యూమ్ తిప్పాడు. ప్రైమరీ ఇన్సులేషన్ దెబ్బతిని ఉంటే లైన్ వోల్టేజీ నేరుగా వాడి చేతిలోకే. గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్ దారులు కలిసి హమ్ తెచ్చే చుట్టు, ఎక్కడుందో వెతకడానికి బద్ధకించి పసివాడి ప్రాణంతో ఆడుకున్నారు. ఆ రోజు నేనేమీ అనలేకపోయాను, ఇవాళ మాత్రం అనాల్సినవన్నీ అన్నాను.

రేపు ప్రీఆంప్ మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ పాత మూలలోకి మార్చాలి, రెండు అరల ఈఐ వేయాలి, ఉక్కు రేకు తిరిగి బిగించాలి అని కాగితం మీద రాసిచ్చాను. ఎర్త్ వైరు మీద చెయ్యి వేయొద్దని పెద్ద అక్షరాలతో రాసి మూత మీద అతికించాను.