ఖాళీగానే ఉన్నావుగా: మా రీడింగ్ కార్నర్ గారికి బహిరంగ లేఖ

అక్కయ్యపాలెం,
విశాఖపట్నం.

మహారాజశ్రీ రీడింగ్ కార్నర్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ క్షేమమేనని తెలుస్తూనే ఉంది. చదువుకోవడానికని కుర్చీ, పుస్తకాల అర, దీపం పెట్టి ఇంట్లో అమర్చుకున్న మూలే కదా తమరు! అక్కడంటే ఎంత దూరమని, మా సోఫాకీ వాషింగ్ మెషీన్‌కీ మధ్య ఆరడుగులు. పొద్దున్నే తమరి దుమ్ము దులిపేది కూడా నేనే. తలుపులన్నీ వేసుకున్నా ఇంట్లోకొచ్చి కూర్చునే ఈ ఊరి నల్లదుమ్ము, ఆ తెల్ల కుషన్ల మీద ఎంత శోభగా కనిపిస్తుందో! కుషన్లు తెల్లవే కొనాలని వీడియోలో ఒక అమ్మాయి చెప్పింది. ఆవిడది ఏ ఊరో తెలీదు గానీ, బొగ్గూ ఇనుప ఖనిజం దిగుమతీ ఎగుమతీ అయ్యే రేవున్న ఊరు మాత్రం కాదు.

తమర్ని మొదట తూర్పు కిటికీ దగ్గర ప్రతిష్ఠించాలనుకున్నాం. సముద్రం గాలి వస్తుంది, పగలంతా వెలుతురు. మా అత్తయ్య గారు చూసి, "ఈశాన్యంలో అంత బరువు పెడతావా అమ్మాయ్?" అన్నారు. పుస్తకాలకి ఇంట్లో ఎవరైనా బరువుందని ఒప్పుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. అలా తమరు నైరుతికి వెళ్ళారు. అక్కడ కిటికీ లేదు, గాలి లేదు. అందుకని దీపం కొన్నాం. కొట్లో కుర్రాడు, "చదవడానికా మేడమ్, లుక్ కోసమా?" అని అడిగాడు. చదవడానికే అన్నాను. అయినా లుక్‌దే ఇచ్చాడు. డబ్బా మీద 2700 కెల్విన్ అని పెద్దక్షరాలతో ఉంది. కెల్విన్ వెలుగు రంగు చెబుతుందే గానీ ఎంత వెలుగో చెప్పదు, దానికి ల్యూమెన్లు చూడాలి. పాతకాలపు 60 వాట్ల బల్బు దాదాపు 800 ల్యూమెన్లు ఇచ్చేది. తమరిది 200 చిల్లర. ఆ బంగారు వెలుగులో నా ముఖం బాగుంటుంది, అక్షరాలే కనపడవు.

ఇక తమరి అరల్లో ఉన్న పుస్తకాల సంగతి. గాలిలో తేమ 70 శాతం దాటి అక్కడే ఉండిపోతే కాగితానికి బూజు పట్టకుండా ఆపడం కష్టం. వానాకాలంలో మన గాలి ఆ గీత దిగువకి రావడమే అరుదు. మొన్న పాత పత్రిక ఒకటి తీశాను. నడుమ ఉన్న రెండు పిన్నులూ తుప్పు పట్టి, ఆ గోధుమరంగు మరక పేజీ నుంచి పేజీకి దిగుతూ అట్ట దాకా వెళ్ళింది. మెల్లగా విప్పినా మధ్యపేజీ చేతికొచ్చేసింది. అందులోంచి సన్నగా, వెండి రంగులో మెరుస్తూ ఒక రామబాణం పురుగు బయటికొచ్చి, నన్ను చూసి, వెలుతురు చూసి, తిరిగి బైండింగులోకి దూరిపోయింది. అక్కడి జిగురంటే దానికి ప్రాణం. మన ఇంట్లో ఈ ఏడాది ఒక పుస్తకాన్ని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా పూర్తి చేసింది అదొక్కటే, అభినందించక తప్పదు. కలరా ఉండలు వేసి చూశాను, పురుగు కంటే ముందు నాకు తలనొప్పి వచ్చింది. అరని గోడకి నాలుగు వేళ్ళ ఎడంగా జరిపి, పుస్తకాలు కుక్కకుండా గాలి ఆడనిస్తే చాలా మటుకు తగ్గుతుంది. కానీ కుక్కితేనే ఫొటోలో నిండుగా ఉంటుందట. సర్లెండి.

ఇవన్నీ మన్నించేస్తాను. నా అసలు ఫిర్యాదు వేరే ఉంది.

తమరు రాకముందు నేను ఎప్పుడు, ఎక్కడ చదువుతానో ఈ ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. పాలు పొంగేలోగా గట్టు దగ్గర నిలబడి రెండు పేజీలు. కుక్కర్ కూతలు లెక్కపెడుతూ ఇంకో రెండు. సింహాచలం బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఒక అధ్యాయం. తమరొచ్చాక నాకొక చిరునామా ఏర్పడింది. మధ్యాహ్నం మూడింటికి నేను ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విచారణ కౌంటర్‌లా తెరుచుకుంటానని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. టికెట్ అక్కర్లేదు, లైన్ అక్కర్లేదు, ఎవరైనా ఏదైనా అడగొచ్చు.

మావాడు "అమ్మా, నా ఛార్జరేదీ?" అంటాడు. ఛార్జర్ వాడి ఫోన్‌కే ఉంటుంది. అత్తయ్య గారు చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఊరికే కూర్చున్నావుగా, ఈనెలు తీసి పెట్టు" అంటారు. పుస్తకం అప్పటికే ఒళ్ళో ఉంది, దాని మీదే పళ్ళెం. మా ఆయనది మర్యాద పద్ధతి. "చదువుకుంటున్నావా? చదువుకో, చదువుకో. నేను డిస్టర్బ్ చెయ్యను. అన్నట్టు నా నీలం చొక్కా ఇస్త్రీకిచ్చావా?" ఈ 'అన్నట్టు' మింగేసిన అధ్యాయాలకి లెక్కలేదు. పనిచేసే ఆవిడ వచ్చి, "ఖాళీగున్నారు కదేటమ్మా, మా పిల్లదానికి హాస్టల్ ఫారం నింపీయండి" అంది. ఇంతమందిలో న్యాయమైన పని అడిగింది ఆవిడొక్కతే. పుస్తకం మూసి, శ్రద్ధగా నింపాను.

అదే కుర్చీలో మా ఆయన పేపర్ పట్టుకుని కూర్చుంటే ఆయన ఖాళీగా ఉన్నట్టు కాదు. "నాన్న పేపర్ చదువుతున్నారు, అల్లరి చెయ్యకండి" అని ఇంటి గొంతే మారిపోతుంది. టీ దానంతటది నడిచి వెళ్తుంది. క్రికెట్ స్కోరు చదివితే చదువు, నవల చదివితే తీరిక. తమరు నైరుతిలో కూర్చుని ఇదంతా చూస్తూ ఒక్కసారైనా నోరు విప్పారా?

పైగా ఇప్పుడు తమరు ఆయన పార్టీలో చేరిపోయారు. ఆఫీసు మీటింగులన్నీ తమరి ముందే. వెనకాల అరల నిండా పుస్తకాలు, పక్కన ఏటికొప్పాక లక్కబొమ్మ, ఆ బంగారు వెలుగు. హైదరాబాద్ నుంచి బాస్ గారు, "మీరు బాగా చదువుతారండీ!" అన్నారు. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఏదోనండీ, టైమ్ దొరికినప్పుడు" అన్నారు. వంటింట్లోంచి విన్నాను. ఆయన చివరిసారి మొదలు నుంచి తుది దాకా చదివింది మిక్సీ వారంటీ కార్డు.

మీటింగులు లేనప్పుడు, బయట ముసురు పట్టినప్పుడు, తమరి మీద తువ్వాళ్ళు ఆరేస్తాం. దీపం వేస్తే తొందరగా ఆరతాయని అత్తయ్య గారు కనిపెట్టారు. 200 ల్యూమెన్లకి ఆ భాగ్యమైనా దక్కింది.

తమరు లేని కాలంలో జనం చదవలేదా? 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో తిరిగే పడవలో గ్రంథాలయం పెట్టారు. పడవెక్కినవాళ్ళు ఊరు చేరేలోగా చదువుకునేవారు. కుషన్ లేదు, మనీ ప్లాంట్ లేదు. నాకు ఆ ఏర్పాటులో తెగ నచ్చేది మరొకటుంది. ప్రయాణంలో ఉన్న మనిషిని 'ఖాళీగా ఉన్నావు' అని ఎవరూ అనరు, కదిలే పడవలోకి చిక్కుడుకాయల పళ్ళెం తేవడం కష్టం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని ఊడ్చేశాక కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, మంచినీళ్ళ ట్యాంకర్ కోసం వీధి చివరిదాకా బిందెల వరస. నేను ఆ వరసలో నిలబడే లావుపాటి నవల ఒకటి ముగించాను. బిందె నా ముందు ఉన్నంతసేపూ నేను పని చేస్తున్నట్టే లెక్క. ఎవరూ ఏమీ అడగలేదు. తుపాను అంత మేలు మళ్ళీ ఎవరూ చెయ్యలేదని అనను, పాపం తగులుతుంది. కానీ అంతగా చదువు సాగిన వారం మాత్రం మళ్ళీ రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, తమరు నొచ్చుకోకూడదు. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే ప్రభుత్వం మన దగ్గర ఎప్పటినుంచో ఒక చదువుకునే చోటుకి డబ్బు వసూలు చేస్తూనే ఉంది. నేను దాన్ని వదిలేసి, తమరి పేము కుర్చీకి మళ్ళీ వాయిదాలు కడుతున్నాను. అందుకని ఈ మధ్య మా ఊళ్ళో ప్రభుత్వ గ్రంథాలయానికి వెళ్తున్నాను. అక్కడ కుర్చీ గట్టిది, వీపు నొప్పి పుడుతుంది. చుట్టూ పోటీ పరీక్షలకి తలలు వంచుకున్న పిల్లలు. నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి జనరల్ నాలెడ్జ్‌లో నదుల పేర్లు పెదాలతో వల్లెవేస్తోంది. ఒక్కసారి తలెత్తి నా వైపు చూసింది. ఛార్జర్ అడుగుతుందేమోనని నా గుండె ఝల్లుమంది. అడగలేదు, మళ్ళీ గోదావరిలోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో మాత్రం బ్యాంకు పనని చెప్పి వెళ్తున్నాను. లైబ్రరీకని చెబితే, "ఇంట్లో అంత ఖర్చు పెట్టి కార్నర్ కట్టుకుని బయటికెందుకు?" అంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది తమరే, నేను కాదు.

తమర్ని ఊడబెరికే ఉద్దేశం నాకు లేదు. కుర్చీ వాయిదాలు ఇంకా ఉన్నాయి, పైగా తువ్వాళ్ళెక్కడ ఆరేసుకోవాలి? షరతులు మాత్రం కొన్నున్నాయి. మీటింగుకి తమర్ని వాడుకున్న ప్రతిసారీ మా ఆయన ఆ వెనకున్న పుస్తకాల్లో ఒకటి తీసి పది పేజీలు చదవాలి, ఏం చదివారో రాత్రి భోజనాల దగ్గర చెప్పాలి. బల్బు మార్చాలి, 800 ల్యూమెన్లకి తగ్గకుండా. ఇక నేను అందులో కూర్చున్నప్పుడు 'అన్నట్టు' అన్నవాళ్ళు ఆ పని వాళ్ళే చేసుకోవాలి. అత్తయ్య గారికి మినహాయింపు లేదు, కానీ ఆవిడకి ఆ మాట చెప్పే బాధ్యత తమరిదే.

ఇట్లు,
మీ కుర్చీ వాయిదాలు కడుతున్న
ఇల్లాలు

తా.క.: సాయంత్రం ఆరింటికి ఆయనకి మీటింగుంది. తువ్వాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. నేను బ్యాంకు పని మీద వెళ్తున్నాను. కెమెరా వేసే ముందు అవి తీసుకోవడం ఆయన పని.