‘ఎవరో పంపినారు’ అంటే చెల్లదు

అనంతపురంలో వాట్సాప్ గ్రూపు లేని వీధి లేదు. కాలనీకొకటి, కులానికొకటి, పార్టీకి పది. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలిసేది అక్కడే. ఫలానా టీచరమ్మ ట్యూషన్ దుడ్లు మింగేసిందన్న పుకారు పుట్టేదీ అక్కడే. పొద్దున పెట్టిన పోస్టు మధ్యాహ్నానికి గుత్తి దాటి గుంతకల్లు చేరుతుంది. నిలదీస్తే ‘నాకెవరో పంపినారు, నేను పంపినా’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఆ జవాబు కోర్టులో చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువు తీసే ఆరోపణ చేసినవారినే కాదు, దాన్ని ప్రచురించినవారినీ బాధ్యులను చేస్తుంది. పాత ఐపీసీ 499లోనూ ఉన్నదిదే. అలాంటి పోస్టును రీట్వీట్ చేసినా పరువునష్టం కిందికే వస్తుందని 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. నేరం రుజువైతే 2 ఏళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టం సమాజ సేవనూ శిక్షల్లో చేర్చింది. సభ్యుడి పోస్టుకు గ్రూప్ అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని మాత్రం 2022లో కేరళ హైకోర్టు చెప్పింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా అది ఎవరి చేతికి అందుతోందన్నదే మా బాధ. పైన చెప్పిన టీచరమ్మ స్టేషన్‌కు వెళ్లిందనుకుందాం. ‘ఇది మేం తీసుకునే కేసు కాదు, కోర్టుకు పోమ్మా’ అంటారు. మాట కటువుగా ఉన్నా చట్టప్రకారం అది సరైనదే. బాధితులే మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి. మేజిస్ట్రేట్ ఆదేశం లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాదు. మరి నాయకుడి మీద వ్యంగ్య చిత్రం పెట్టిన కుర్రాడి విషయంలో ఈ పద్ధతి గుర్తుకు రాదేం? వర్గ వైషమ్యాలనో, శాంతిభంగమనో వేరే సెక్షన్ తగిలిస్తే తెల్లారేసరికి స్టేషన్ బెంచీ మీద ఉంటాడు. గద్దె మీద ఏ పార్టీ ఉన్నా ఈ అలవాటు పోవడం లేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశం పంపితే జైలన్న ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఆ తర్వాతా దాని కిందే కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోయింది. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ మీద సదుద్దేశంతో చెప్పే అభిప్రాయం పరువునష్టం కాదని 356వ సెక్షనే మినహాయింపు ఇస్తోంది. ఆ వాక్యాన్ని ప్రతి స్టేషన్ గోడకూ అంటించాలి.

మా పత్రిక అడుగున ఎడిటర్ పేరు, ప్రెస్సు చిరునామా అచ్చవుతాయి. తప్పు రాస్తే నోటీసు ఎక్కడికి పంపాలో పాఠకుడికి తెలుసు. అలాంటి నోటీసులు మేమూ అందుకున్నాం, సవరణలూ వేశాం. ఊరూ పేరూ లేని పోస్టు మీద పోరాడే మనిషికి ఆ పాటి వెసులుబాటు కూడా లేదు. వాట్సాప్ కంపెనీని అడుగుదామంటే, వాడేవాళ్లు పెట్టే పోస్టుల బాధ్యత దాని మీద పడకుండా ఐటీ చట్టం 79వ సెక్షన్ గొడుగు పడుతోంది.

కాబట్టి టీచరమ్మకు తోడు కావాల్సింది ఖాకీ కాదు, వకీలు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. మా జిల్లాలోనూ, పక్కనున్న కడప, కర్నూలులోనూ న్యాయసేవాధికార సంస్థలు తమ శిబిరాల్లో భూ తగాదాలతో పాటు ఈ పరువునష్టం సంగతినీ చేర్చాలి. ఉత్త స్క్రీన్‌షాట్ చాలదని, భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలని, అందుకే ఫోన్‌లోని మెసేజ్‌ను చెరిపేయొద్దని అక్కడ చెప్పేవారుండాలి. పరిహారం కోసం సివిల్ దావా వేసే గడువు ఒక్క ఏడాదే, అదీ పోస్టు పడ్డ రోజు నుంచి లెక్క.