లైంగిక విద్య పిల్లలను చెడగొడుతుందా?

హైస్కూల్లో లైంగిక విద్య అనగానే, ఏమీ తెలియని పిల్లలకు మనమే నేర్పి చెడగొట్టినట్టవుతుందనే అభ్యంతరం ముందుకొస్తుంది. చేతిలో ఫోను ఉన్న పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఏమీ తెలియదని నమ్మే పెద్దలను చూస్తే ముచ్చటేస్తుంది గానీ, ఆ నమ్మకం మీద పాఠ్యప్రణాళిక రాయడం మాత్రం ప్రమాదకరం. స్వీడన్ 1955లోనే ఈ పాఠాన్ని బడుల్లో తప్పనిసరి చేసింది. అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లో వెలువరించిన మార్గదర్శకాలు సైతం, ఈ విద్య వల్ల పిల్లల్లో లైంగిక కార్యకలాపాలు పెరగవని స్పష్టం చేశాయి. పెళ్లి వరకు దూరంగా ఉండమని మాత్రమే బోధించే కార్యక్రమాలకు అమెరికా 1996 నాటి చట్టం కింద ఏటా 5 కోట్ల డాలర్లు కేటాయించింది. వాటిలో నాలుగింటిని పరిశీలించిన 2007 నాటి నివేదిక, ఆ బోధన విన్న పిల్లలకూ విననివారికీ నడవడిలో తేడా లేదని తేల్చింది.

అలాగని, పాఠం చెప్పేస్తే అంతా చక్కబడుతుందనే వాదనతోనూ నేను ఏకీభవించను. 55,000 మందికి పైగా పాల్గొన్న ప్రయోగాలపై వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016లో వెలువరించిన సమీక్షలో, కేవలం బడి పాఠాల వల్ల హెచ్‌ఐవీ గానీ, కౌమార గర్భాలు గానీ తగ్గినట్టు కనిపించలేదు. ఇందులో ఆశ్చర్యమేముంది? తరగతిలో కండోమ్ గురించి చెప్పి, దాన్ని అడిగిన కుర్రవాణ్ణి మందుల షాపులో ఎగాదిగా చూస్తే, ఆ చదువు పరీక్ష పేపరు దాటి రాదు.

అసలు మనం పాఠం అంటున్నది ఏమిటి? గర్భాశయం బొమ్మ గీసి భాగాలు గుర్తించమనడం, నెలసరి గురించి చెప్పే రోజు మగపిల్లలను ఆటస్థలానికి పంపేయడం. నడవడిని మార్చగలిగినవి వేరే ఉన్నాయి: ఇష్టం లేనప్పుడు వద్దని చెప్పడం, ఎదుటివారు వద్దంటే అలగకుండా, బతిమాలకుండా ఆగడం, హద్దు మీరినది దగ్గరి బంధువే అయినా ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలియడం. వీటిని నోట్సు చెప్పి రాయించలేము. పిల్లలచేత మాట్లాడించాలి, పేరు రాయని చీటీల మీద ప్రశ్నలు అడగనివ్వాలి, వచ్చిన ప్రశ్న ఎంత మొరటుగా ఉన్నా నవ్వకుండా, కసరకుండా జవాబివ్వాలి. అందుకు శిక్షణ కావాలి. ఆ శిక్షణ ఇవ్వకుండా భారమంతా జీవశాస్త్రం టీచరు నెత్తిన పెట్టి, ఆవిడ సిగ్గుపడి పేజీలు తిప్పేస్తున్నారని తప్పుపట్టడం అన్యాయం.