సవరణ: లాసీ, హెచ్‌ఆర్‌ఎస్ డిప్రెషన్ స్కోర్లు నేరుగా పోల్చకండి

వృద్ధాప్య సర్వేల మీద క్రితం పోస్టులో ఒక మాట రాశాను. మన దేశపు వృద్ధాప్య సర్వే లాసీ, అమెరికాలో అలాంటిదే అయిన హెచ్‌ఆర్‌ఎస్ రెండూ డిప్రెషన్ లక్షణాలను కొలిచే సీఈఎస్-డీ ప్రశ్నలే వాడతాయి కాబట్టి 4, ఆపైన స్కోరు వచ్చినవాళ్ల శాతాలను పక్కపక్కన పెట్టి చూడొచ్చన్నాను. అది తప్పు. ఈ సవరణకు ఆధారం రెండు సర్వేల ప్రశ్నావళులు.

హెచ్‌ఆర్‌ఎస్‌లో 8 ప్రశ్నలు, జవాబు అవును లేదా కాదు. లాసీలో 10 ప్రశ్నలు. గత వారంలో ఎన్ని రోజులు అలా అనిపించిందో దాన్ని బట్టి నాలుగు ఆప్షన్లు. 8కి 4, 10కి 4 ఒకటెలా అవుతాయి? పైగా రెండింట్లోనూ కలిసేవి నాలుగే: దిగులు, ఏం చేసినా భారంగా ఉండటం, ఒంటరితనం, సంతోషం. నిద్ర పట్టకపోవడం అక్కడి స్కోరులో ఉంది, ఇక్కడ లేదు. భవిష్యత్తు మీద ఆశ ఇక్కడుంది, అక్కడ లేదు.

పోల్చక తప్పదంటే ఆ నాలుగే తీసుకోండి. లాసీలో 3 రోజులు, అంతకు మించితే 1, లేకపోతే 0. సంతోషం ప్రశ్నను కూడికకు ముందే తిరగెయ్యాలి, అంటే 1ని 0గా, 0ని 1గా మార్చాలి. మరిచిపోతే హాయిగా ఉన్నవాళ్లకే స్కోరు పెరుగుతుంది. ఎక్కువమంది జారేది ఇక్కడే. ఇంత చేసినా రోజుల లెక్క, అవును-కాదు జవాబు పూర్తిగా ఒకటి కావు. ఆ సంగతి పట్టిక కిందే రాయాలి.

వయసు కూడా చూసుకోండి. లాసీ 45 ఏళ్ల నుంచి మొదలవుతుంది, జీవిత భాగస్వామి ఏ వయసైనా అందులో ఉంటారు. హెచ్‌ఆర్‌ఎస్ 50 దాటినవాళ్లది. రెండు వైపులా ఒకే వయసు దగ్గర కత్తిరించి, ఏ సర్వే వెయిట్లు (నమూనా మొత్తం జనాభాకు సరిపోయేలా ఒక్కొక్కరికీ ఇచ్చే గుణకాలు) ఆ సర్వేకి వేయండి. పాత పట్టిక తీసేశాను.