మా సందులో వెలిసిన అపార్ట్‌మెంట్ టవర్ గారికి

టవర్ గారూ, నమస్కారం. మేం తమరి పక్కింటివాళ్ళం, అంటే తమరి బ్రోషర్లో పచ్చటి లాన్ గీసిన చోట నిజంగా కాపురముంటున్నవాళ్ళం. బొమ్మలో మా ఇల్లు చెరిపేసి గడ్డి వేశారు, బాగానే ఉంది, కాకపోతే మేమింకా ఖాళీ చేయలేదు.

తార్నాకలో ఓయూ గోడ దాకా నడిచిపోయేంత దూరంలో ఉంటాం కదా, మూడు పాత ఇళ్ళు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారంటే ఏదో అయిదంతస్తులు లేస్తాయిలే, అందరూ కట్టేదే కదా అనుకున్నాం. తీరా చూస్తే రెండు సెల్లార్లు, పార్కింగ్ కోసం స్తంభాల మీద స్టిల్టు, పైన ఏడు, అది చాలక టీడీఆర్ పెట్టి ఇంకో రెండు. ఈ టీడీఆర్ ఏంటని అడిగితే ఎదురింటి రిటైర్డ్ లెక్చరర్ సారు చెప్పారు, ఎక్కడో రోడ్డు వెడల్పులో జాగా పోయినోళ్ళకి సర్కారు డబ్బులకి బదులు ఓ సర్టిఫికెట్ ఇస్తుందట, దాన్ని బిల్డర్ కొనుక్కుని ఇంకెక్కడైనా అంతస్తులు పెంచుకోవచ్చట. అంటే ఊళ్ళో ఎవరి వీధో వెడల్పయింది, ఆ బరువొచ్చి మా సందు మీద పడింది.

హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ లిమిట్, అంటే ఎంత స్థలంలో మొత్తం ఎంత కట్టుకోవచ్చన్న హద్దు, 2006లోనే ఎత్తేశారు, ఇక తమరిలాంటివాళ్ళని పట్టి ఆపేవి రోడ్డు వెడల్పూ, చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా అనే సెట్‌బ్యాకులే. 2012లో బిల్డింగ్ రూల్స్ మీద వచ్చిన 168 జీవోలో రాసిందేమిటంటే, ఎత్తు 18 మీటర్లకి చేరితే హైరైజ్, దానికి కనీసం 40 అడుగుల రోడ్డుండాలి. సారు టేపు తెచ్చారు, ఓ చివర నేను పట్టుకున్నా, మధ్యలో ఎవరిదో స్కూటీ అడ్డం, అది జరిపి కొలిస్తే 27 వచ్చింది. ప్లాన్‌లో మాత్రం 40. మిగతా 13 అడుగులు ఎక్కడున్నాయో తమరికే తెలియాలి, నాకైతే మా హాల్లో సోఫా దాకా వచ్చాయేమోనని అనుమానం.

మేమేదో పతివ్రతలమని కాదు. ఈ సందులో పెంట్‌హౌస్ లేని ఇల్లు చూపించండి. మేమూ పైన రేకుల గది వేసి గ్రూప్స్‌కి చదివే పిల్లలకి అద్దెకిచ్చాం, 2015లో బీఆర్ఎస్ కింద (పార్టీ కాదు, పర్మిషన్ లేని కట్టడాల్ని రెగ్యులరైజ్ చేసే స్కీము) అప్లికేషన్ కూడా పెట్టాం, ఆ రసీదు బీరువాలో చీరల కింద ఇంకా అలాగే ఉంది. అందుకే అసోసియేషన్ మీటింగులో తమరి మీద గట్టిగా అరుస్తూనే ఒకరి టెర్రస్ వంక ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడతాం. కానీ మా రేకుల గదికి రెండు సెల్లార్లు తవ్వలేదు కదండీ.

అన్నట్టు, తమరు 'ఓయూ వ్యూ' అని చదరపు అడుక్కి ఎక్స్‌ట్రా వసూలు చేస్తున్నారట. ఆర్ట్స్ కాలేజీ 1939లో నిజాం గారి హయాంలో తెరిచారు, ఆయన వారసులకి వాటా ఏమైనా పంపుతున్నారా? అక్కడ నిజంగా చదువుకునే పిల్లాడు మా పైగదిలోనే ఉన్నాడు, వాడి కిటికీలోంచి ఇప్పుడు కనిపించే వ్యూ తమరి సెంట్రింగ్ కర్రలు.

ఇంకా ఐదో స్లాబే పడింది, అప్పుడే మా డాబా మీద మూడింటికల్లా నీడ. అమ్మ ఈసారి మిరపకాయలు ఎండబెట్టడానికి చేట పట్టుకుని ఎండ వెనకాలే జరుగుతూ జరుగుతూ చివరికి పిట్టగోడ దగ్గరికి చేరింది, అక్కడ నిలబడి తమర్ని ఏమన్నదో ఇక్కడ రాయను. పొద్దున్నే ట్యాంకర్ రివర్స్‌లో వస్తూ చేసే ఆ కీ కీ సౌండ్‌కి అలారం పెట్టుకోవడం మానేశాం, దానికి మాత్రం థాంక్స్.

ఒక్క విషయం అడిగి ముగిస్తా. సెల్లార్ కోసం బండ కొట్టినప్పుడు మా పూజగది గోడకి చిన్న బీట పడింది. బ్రేకర్ ఆగింది గానీ బీట ఆగలేదు. ప్రతి ఆదివారం దాని కొస దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేస్తున్నా, కంప్లైంట్‌కి పనికొస్తుందని సారు చెప్పారు. పదకొండు గీతలయ్యాయి, పన్నెండోది క్యాలెండర్ కిందికి దూరేలా ఉంది. పెన్సిల్ అరిగిపోయింది, తమరి సైట్ ఇంజనీర్ చెవి మీద ఎప్పుడూ ఒకటి ఉంటుంది, అది కాస్త ఇప్పించగలరు.

ఇట్లు,
తమరి లాన్‌లో ఉంటున్నవాడు